మంగళవారం చూపించిన ఇల్లు

ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు ముందు కుళాయి తిప్పుతారు. తర్వాత కిటికీ రెక్క లాగి చూస్తారు. కాస్త అనుభవం ఉన్నవాళ్ళయితే గోడమీద అరచెయ్యి పెట్టి తేమ ఉందేమో తడుముతారు. ఈ అమ్మాయి ఇవేవీ చెయ్యలేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఖాళీ గదిలోకి వెళ్ళి, హ్యాండ్‌బ్యాగు తలకింద పెట్టుకుని గచ్చుమీద వెల్లకిలా పడుకుంది.

తాళాలగుత్తితో గుమ్మంలో నిలబడ్డ అబ్బాయికి గుండె గుభేలుమంది.

"మేడమ్! ఏమైందండీ? కళ్ళు తిరిగాయా?"

"ష్!"

"మంచినీళ్ళు తెమ్మంటారా?"

"మీరు మాట్లాడకుండా ఉంటే చాలు."

అతను నోరు మూసుకున్నాడు. చేతిలోని తాళాలు మాత్రం గలగలమన్నాయి. ఆమె ఒక కన్ను తెరిచి గుత్తివైపు కోపంగా చూసింది. అతను దాన్ని గబుక్కున వీపు వెనక దాచి, ఊపిరి బిగబట్టాడు. పైఅంతస్తులో ఎవరో కుర్చీ బరబరా లాగారు. పక్కింటి కుక్క మొరిగింది. ఆమె లేచి చీర దులుపుకుంది.

"ఇది కాదు. పదండి."

"ఇంకా ఇల్లే చూడలేదు కదండీ! వంటగదిలో అల్మరాలు చూస్తే మీరు వదలరు."

"నేను వంటగదిలో పడుకోనుగా."

కారెక్కాక సంగతి చెప్పింది. పెద్దాసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులో నర్సు. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు, ఈ ఊరే కొత్త. ఎప్పుడూ రాత్రి డ్యూటీనే.

"ఒక్కొక్కళ్ళు నా అరచేతికన్నా కొంచెం పెద్దగా ఉంటారు. పగలు నాకు నిద్ర లేకపోతే రాత్రి వాళ్ళ మందు కొలిచేటప్పుడు చెయ్యి వణుకుతుంది. నాకు గాలి రాకపోయినా పర్లేదు, బస్సు దూరమైనా పర్లేదు. పగలు చప్పుడు ఉండకూడదు. అలాంటి ఇల్లుందా మీ దగ్గర?"

"ఉందండీ," అనేశాడు అతను. ఎక్కడుందో అతనికే తెలియదు.

ఆ నగరం మరీ పెద్దదీ కాదు, మరీ చిన్నదీ కాదు. నడిబొడ్డున అద్దెలు మాత్రం ఏ మహానగరానికీ తీసిపోవు. అందుకే ఉద్యోగాలవాళ్ళంతా చుట్టూ ఉన్న కాలనీలమీద పడతారు. ఏ కాలనీలో ఉండాలో తేలక తలపట్టుకున్నవాళ్ళు చివరికి బస్టాండు పక్కనున్న చిన్న ఆఫీసు మెట్లెక్కుతారు. ఆఫీసు అతని అన్నయ్యది. అన్నయ్యని ఊరంతా మేనేజరనే పిలుస్తుంది, ఇంట్లో వదినతో సహా. మేనేజరుగారి కింద పనిచేసే ఏకైక ఉద్యోగి తమ్ముడు. ఖాళీ ఇళ్ళ తాళాలన్నీ పట్టుకుని తిరుగుతాడు కాబట్టి అతను తాళాలబ్బాయి.

తాళాలబ్బాయి ఆ అమ్మాయికి వరసపెట్టి కాలనీలు చూపించాడు. కొండవాలు కాలనీలో ఆమె పడుకోగానే ఎదురుగా బడిలో ఇంటర్వెల్ బెల్లు కొట్టారు.

"పిల్లలు కదండీ, కాసేపే అరుస్తారు."

"అరిస్తే అరిచారు, వాళ్ళ మాస్టారు అంతకన్నా గట్టిగా అరుస్తున్నారు."

స్టేషనవతలి కాలనీలో రైలు గంటకొక్కటే వస్తుందని అతను సర్దిచెప్పబోయాడు. "గంటకోసారి మిమ్మల్ని తట్టి లేపితే మీరు పడుకుంటారా?" అంది. ఏటిగట్టు కాలనీలో మాత్రం నిజంగా చీమ చిటుక్కుమన్నా వినిపించేటంత నిశ్శబ్దం. ఆమె కళ్ళు మూసుకుంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. అంతలో వెనకింట్లోంచి బ్యాండుమేళం వాళ్ళ రిహార్సల్ మొదలైంది. ఆమె కళ్ళు తెరవకుండానే, "పాట బాగుంది. ఇల్లు వద్దు," అంది.

అతనికి నవ్వాగలేదు. ఆమె కూడా పడుకున్నచోటే నవ్వింది. ఆ నవ్వు చూశాక తాళాలబ్బాయి పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఆసుపత్రిలో అందరూ ఆమెని సిస్టర్ అంటారు. ఆ పిలుపుకి మాత్రం అతనికి నోరు రాలేదు, మేడమ్ దగ్గరే ఆగిపోయాడు. ఆమె అతన్ని 'తాళాలగారూ' అనేది. జీవితంలో మొదటిసారి ఆ పిలుపు చివర 'గారు' వచ్చి చేరినందుకు అతను లోలోపల పొంగిపోయేవాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆమె జీతానికి అందే ఇళ్ళన్నీ అయిపోయాయి. మిగిలింది తూర్పు కాలనీ.

తూర్పు కాలనీ చూడడానికి ముచ్చటగా ఉంటుంది. వెడల్పాటి వీధులు, ఇంటింటికీ చిన్న తోట. ఆఖరి వీధి దాటాక గ్రానైటు బండలు కోసే యూనిట్లున్నాయి. పొద్దున్న సైరన్ మోగిందంటే సాయంత్రం దాకా కోత మిషన్ల రొద ఆగదు. పళ్ళు జివ్వుమనే రొద అది. వాటికి వారానికొక్కరోజు సెలవు, మంగళవారం. మేనేజరు ఆ కాలనీ ఇళ్ళు మంగళవారం తప్ప ఇంకోరోజు ఎవరికీ చూపించడు.

"మనం అబద్ధం చెప్పంరా," అనేవాడు తమ్ముడితో గర్వంగా. "చప్పుడుందా అని అడిగితే లేదని నేనెప్పుడైనా అన్నానా? అడగలేదు, చెప్పలేదు. రోజు మాత్రమే మనం ఎంచుతాం. అదిరా పనితనమంటే."

తాళాలబ్బాయి ఇన్నాళ్ళూ ఆ పనితనం గురించి రెండో ఆలోచన చెయ్యలేదు. పైగా వాళ్ళ ఇల్లూ అదే కాలనీలో. ఆ రొదలోనే పుట్టి, ఆ రొదలోనే పెరిగి, అతని చెవులకి అది చప్పుడే కాకుండా పోయింది.

"తూర్పు కాలనీ అనొకటుంది కదా, శనివారం నాకు ఆఫ్. వెళ్ళి చూద్దామా?" అని ఆమే అడిగింది.

వద్దండీ, అది మీకు పనికిరాదు, అనాలి. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఆమె థాంక్స్ చెప్పి ఇంకో ఆఫీసు మెట్లెక్కుతుంది. మళ్ళీ కనిపించదు. అనకపోతే? తమ వెనక వీధిలోనే ఉంటుంది. పొద్దున్నే డ్యూటీ నుంచి నడిచొస్తూ కనిపిస్తుంది.

"శనివారం ఓనరుగారు ఊళ్ళో ఉండరండీ," అన్నాడు. "మంగళవారం వెళదాం."

అన్నాక చెవులు వేడెక్కాయి. ఆమె గమనించలేదు.

మంగళవారం తూర్పు కాలనీ మహా బుద్ధిగా ఉంది. ఆమె ఎప్పట్లాగే గచ్చుమీద పడుకుంది. అతను గుత్తి వీపు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆమె ఊపిరి మారింది. చూస్తే, నిజంగానే నిద్రపోయింది. రాత్రంతా డ్యూటీ చేసి నేరుగా వచ్చిందేమో, అరచేతులు రెండూ తెరుచుకుని, పెదాలు కొంచెం విచ్చుకుని, ఒళ్ళు తెలియకుండా పడుకుంది.

అతను మెల్లగా బయటికొచ్చి మెట్టుమీద కూర్చున్నాడు. ఇదే సమయం, లేపి చెప్పెయ్, అంది మనసు. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాడు. ఆ తెరుచుకున్న అరచేతులు చూసి మళ్ళీ వచ్చి మెట్టుమీద కూలబడ్డాడు. తనమీద తనకే రోత పుట్టింది. ఆ రోతలోనే ఎక్కడో చిన్న సంతోషం కూడా ఉంది, అది ఇంకా సిగ్గుచేటు.

ఆమె లేచి కళ్ళు నులుముకుంటూ వచ్చింది.

"అయ్యో, లేపలేదే! చాలాసేపు పడుకున్నానా?"

"కొంచెంసేపేనండీ."

"మీకో మాట చెప్పనా? కొత్తమనిషి పక్కనుంటే నాకు కునుకు పట్టదు. ఇవాళ పట్టిందంటే ఇల్లయినా మంచిదయ్యుండాలి, మీరైనా మంచివాళ్ళయ్యుండాలి."

"ఇల్లు మంచిదేనండీ," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"మీ ఇల్లెక్కడ?"

"ఇటువైపేనండీ," అని సగం నగరం కలిసొచ్చేలా చెయ్యి ఊపాడు.

ఆమె అద్దె కాగితాలమీద ఏడాదికి సంతకం పెట్టేసి, ఆ సాయంత్రమే సామాను దించుకుంది. మర్నాడు పొద్దున్న ఆమె డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళకి సైరన్ మోగింది.

వెనక వీధిలో, తన ఇంట్లో, తాళాలబ్బాయి పళ్ళు తోముకుంటున్నాడు. బ్రష్షు నోట్లోనే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతనికి ఆ రొద వినిపించింది.

"ఏమయ్యా, చెవిలో ఏమైనా దూరిందా? అలా మూసుకున్నావ్?" అంది వదిన.

"ఏం లేదు వదినా."

"ఏం లేకపోతే ఆ నురగ ఉమ్మెయ్యి, మింగేలా ఉన్నావ్."

కొన్నాళ్ళకి ఆమె ఆఫీసుకి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. జడ సగమే అల్లుకుంది. లోపల మేనేజరు ఫోనులో తలదూర్చాడు. తాళాలబ్బాయి తిట్లకి సిద్ధపడి లేచి నిలబడ్డాడు. ఆమె తిట్టలేదు. కుర్చీలో కూర్చుని, చిన్నపిల్లలా బిక్కమొహం పెట్టింది.

"తాళాలగారూ, నా అదృష్టం చూశారా? నేను దిగీ దిగగానే ఆ రాళ్ళ మిషన్లు మొదలెట్టారు. మీరు చూపించినరోజు ఎంత హాయిగా ఉంది! పాపం మీకు మాత్రం ఎలా తెలుస్తుంది? రాత్రి డ్యూటీలో కూర్చున్నచోటే తూగితే హెడ్ నర్సు చూసింది. ఇంకోసారి ఇలా కనిపిస్తే ఆ వార్డులో ఉంచనంది. ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? పసిప్రాణాలు. ఈ చప్పుడు ఎప్పటిదాకా ఉంటుందో కాస్త కనుక్కుంటారా?"

పాపం మీకు మాత్రం ఎలా తెలుస్తుంది. ఆ ఒక్కమాట అతని చెంప పగలగొట్టింది. ఇప్పుడైనా చెప్పాలి. అన్నయ్య ఫోను పక్కనించి ఒక కన్నుతో చూస్తున్నాడు.

"అదీ... ఏదో అర్జెంటు ఆర్డరు వచ్చిందటండీ. తొందర్లోనే తగ్గిపోతుంది."

"హమ్మయ్య! మీరన్నారంటే తగ్గుతుంది."

ఆమె లేచి వెళుతుంటే అతను ఆగలేక, వెనకే మెట్లు దిగాడు.

"మేడమ్, ఒక్కమాట. ఖాళీ ఇళ్ళ తాళాలన్నీ నా దగ్గరే ఉంటాయి. పెద్ద పెద్ద ఇళ్ళు, వాటి అద్దె మనలాంటివాళ్ళకి అందదు కానీ పగలు ఒట్టి ఖాళీగా పడుంటాయి. అది తగ్గేదాకా మీరు అక్కడ పడుకోండి. నేను బయట కూర్చుంటాను."

"ఓనర్లు ఊరుకుంటారా?"

"గాలీ వెలుతురూ తగలాలని తలుపులు తీసి ఉంచమనే చెబుతారండీ. అది నా పనే."

ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత నవ్వింది. "బయట కూర్చుంటారు కదా? లోపలికి తొంగిచూస్తే ఇంజక్షన్ ఇస్తా."

అలా మొదలైంది. పొద్దున్న ఆమె ఆసుపత్రి గేటు దాటేసరికి అతను కారుతో ఉండేవాడు. ఒకరోజు కొండవాలు కాలనీలో మేడ ఇల్లు, ఇంకోరోజు ఏటిగట్టున చివరి బంగళా. ఆమె చాప పరుచుకుని పడుకునేది. అతను మెట్టుమీద కాపలా. చీపుళ్ళమ్మే అతను కేక వెయ్యడానికి నోరు తెరిస్తే పరుగెత్తుకెళ్ళి వద్దని బతిమాలి, అక్కర్లేని చీపురొకటి కొనేవాడు. పోస్టుమాన్ బెల్లు కొట్టబోతే చెయ్యి పట్టుకునేవాడు. వీధికుక్కలకి బిస్కట్లు పంచి మంచి చేసుకున్నాడు. వాన వస్తే గొడుగేసుకుని అక్కడే. చూరు నుంచి పడే నీళ్ళు బకెట్టులో టపటపమంటుంటే, బకెట్టు తీసేసి ఆ చోట తన తువ్వాలు పరిచాడు.

ఆమె లేచాక ఇద్దరూ ఫ్లాస్కులో టీ పంచుకునేవారు. వార్డు కబుర్లు చెప్పేది. ఫలానా పాప ఇవాళ తన వేలు పట్టుకుందని, ఫలానా బాబు పిడికెడంత ఉండి వార్డంతా హడలగొట్టాడని. అతను నోరు తెరుచుకుని వినేవాడు.

"తాళాలగారూ, మీ గురించి మా నాన్నకి చెప్పాను."

"ఏమనండీ?"

"నేను నిద్రపోతుంటే వానలో కూర్చునే మనిషి ఒకడున్నాడని. ఆయన టైలరు కదా, మనిషి కొలతలు నా చేత చెప్పించుకున్నారు. పొడుగు చెప్పాను. మంచితనానికి టేపు చాలదన్నాను."

అతను టీ కప్పు కింద పెట్టేశాడు. ఎదుటి మనిషి మెచ్చుకుంటుంటే మనిషికి ఒళ్ళు పులకరించాలి. అతనికి చచ్చిపోవాలనిపించేది. ఆమె ఒక మంచిమాట అన్నప్పుడల్లా, అసలు సంగతి చెప్పడం ఇంకొంచెం కష్టమయ్యేది. రేపు చెబుదాం అనుకునేవాడు. రేపు ఆమె ఇంకొంచెం ఎక్కువ నవ్వేది.

"ఏంటి, మొహం అలా మాడ్చుకున్నారు? నేను మీకు భారమైపోయానా?"

"అంత మాటెందుకండీ!"

"మరి?"

"టీలో పంచదార ఎక్కువైందండీ," అన్నాడు.

వాన పట్టిన ఒక పొద్దున్న, ఏటిగట్టు బంగళాలో ఆమె పడుకుని ఉండగా వాకిట్లో కారాగింది. దిగింది మేనేజరు. వెంట ఒక కుర్రజంట, ఆ ఇల్లాలి భుజంమీద దుప్పట్లో చుట్టిన పసిబిడ్డ. మెట్టుమీద తమ్ముణ్ణి చూసి మేనేజరు కనుబొమలు ముడిచాడు కానీ, కస్టమర్ల ముందు కదా, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"మావాడేనండీ. ముందుగానే వచ్చి ఇల్లు తెరిచిపెట్టాడు."

అలికిడికి ఆమె లేచి, జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. బిడ్డ తల్లి ఆమెని చూసి నోరు తెరిచింది.

"సిస్టర్! మీరా? మీ చేతుల్లో పెరిగిందండీ ఇది. పోయిన వారమే ఇంటికి పంపారు."

ఆమె నిద్రమొహం ఒక్కసారిగా విచ్చుకుంది. బిడ్డని అందుకుని, బుగ్గ ఆనించుకుని, "ఏమే దొంగా, బరువు పెరిగావే!" అంది.

"ఇప్పుడుంటున్న ఇల్లు మెయిన్‌రోడ్డు మీద సిస్టర్. పాప ఉలిక్కిపడి ఉలిక్కిపడి లేస్తోంది. డాక్టరుగారు చప్పుడు లేనిచోటికి మారమన్నారు. ఇదేమో మరీ పెద్ద ఇల్లు, మావల్ల కాదు."

"దానికేం భాగ్యమమ్మా," అన్నాడు మేనేజరు. "తూర్పు కాలనీలో మీకు సరిగ్గా సరిపోయే ఇల్లుంది. మంగళవారం రండి, మావాడు చూపిస్తాడు."

ఆ ఇల్లాలు నర్సువైపు తిరిగింది.

"సిస్టర్, మీరు చెప్పండి. తూర్పు కాలనీ మంచిదేనా?"

"నేనుండేది అక్కడే. ఇప్పుడైతే రాళ్ళ మిషన్ల రొద ఉందమ్మా, అబద్ధమెందుకు. కానీ అది తొందర్లో తగ్గిపోతుందిట. ఈయన కనుక్కున్నారు," అని అతన్ని చూపించింది. "ఈయన చెప్పారంటే నమ్మొచ్చు."

ఆ తల్లి అతనివైపు చూసింది. తండ్రి కూడా చూశాడు. బిడ్డ ఆమె భుజంమీద నిద్రపోతూనే ఉంది. తన నోట్లో పుట్టిన అబద్ధం ఆమె నోటివెంట, అంత నమ్మకంగా, ఆ బిడ్డ మీదికి వెళుతుంటే అతను నిలబడలేకపోయాడు.

"మంగళవారం రావద్దండీ," అన్నాడు. "బుధవారం రండి. లేదా ఇంకే రోజైనా రండి. మంగళవారం ఆ యూనిట్లకి సెలవు. అందుకే మేం ఆరోజే చూపిస్తాం. ఆ చప్పుడు తగ్గదండీ. ఎప్పుడూ తగ్గలేదు."

మేనేజరు మొహం నల్లబడింది. కుర్రజంట ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆమె బిడ్డని జాగ్రత్తగా తల్లికి అందించి, దుప్పటి సర్ది, వాళ్ళు కారెక్కేదాకా చూస్తూ నిలబడింది. వాళ్ళతో మేనేజరూ వెళ్ళిపోయాడు. అప్పుడు ఇటు తిరిగింది.

"నాకూ మంగళవారమే చూపించారు."

"అవునండీ."

"శనివారం ఓనరు ఊళ్ళో ఉండడన్నారు."

"ఉంటాడండీ. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, గుమ్మం దాటడు."

"అర్జెంటు ఆర్డరన్నారు."

"లేదండీ. నేను పుట్టినప్పట్నుంచీ అంతే."

"మీరు పుట్టినప్పట్నుంచా? మీరు ఎక్కడ..."

"మీ వెనక వీధేనండీ."

ఇంకో సందర్భంలో అయితే ఆమె పకపకా నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. అతను తల దించుకుని, "తిట్టండి. కొట్టినా సరే," అన్నాడు. "మీరు వేరే ఆఫీసుకి వెళ్ళిపోతే మళ్ళీ కనిపించరని భయమేసి అలా చేశాను. తర్వాత చెప్పడానికి ధైర్యం చాల్లేదు."

"నేను మీ ముందు నిద్రపోయాను," అంది ఆమె. అంతే అంది. అది తిట్టుకన్నా గట్టిగా తగిలింది. చాప చుట్టుకుని, అతను చాచిన గొడుగు అందుకోకుండా వానలోనే నడిచి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంట్లో మేనేజరు శివాలెత్తాడు.

"గుత్తి అక్కడ పడెయ్! రేపట్నించి ఆఫీసు ఛాయలకి రావద్దు. చేతికొచ్చిన బేరాన్ని చెడగొట్టి, కస్టమర్ల ముందు అన్నని అబద్ధాలకోరుని చేశావు. నేను ఒక్క అబద్ధం చెప్పానా? ఒక్కటి చూపించు!"

తాళాలబ్బాయి గుత్తి బల్లమీద పెట్టాడు. వదిన వంటగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. సంగతంతా విని, తాపీగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మేనేజరుగారూ, పెళ్ళికి ముందు మా నాన్ననీ నన్నూ ఈ ఇల్లు చూడ్డానికి ఏ రోజు రమ్మన్నారు?"

మేనేజరు గుత్తి చేతిలోకి తీసుకుని మళ్ళీ బల్లమీద పెట్టాడు.

"అదీ... అప్పుడు నాకు వీలు..."

"మంగళవారం రమ్మన్నారు. 'మా కాలనీ ఎంత ప్రశాంతమో' అని మా నాన్న పదిమందికి చెప్పుకున్నాడు. నేను కాపురానికొచ్చాక తెల్లారేసరికి భూకంపమనుకుని వీధిలోకి పరుగెత్తాను."

"అది ఎప్పటి సంగతి! నువ్వు మర్చిపోయావనుకున్నా."

"మర్చిపోవడమా? అడక్కుండానే నిజం చెబుతారేమోనని ఇన్నేళ్ళూ చూశాను. మీరు చెప్పలేదు, నేను అడగలేదు. అదే కదా మీ పనితనం," అంది వదిన. నవ్వుతూనే అంది కానీ చివర్లో గొంతు కొంచెం జీరబోయింది. "వీడైనా చెప్పాడు. ఆలస్యంగానే అనుకో, చెప్పాడు."

మేనేజరు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదట. మర్నాడు పొద్దున్నే తూర్పు కాలనీ ఓనరు ఇంటికి వెళ్ళి, ఆ మోకాళ్ళ నొప్పులాయన కాళ్ళావేళ్ళా పడి, నర్సమ్మ ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీ చేసేలా ఒప్పించి వచ్చాడు. అంత ఘనకార్యం చేసినవాడు మాత్రం ఆ సంగతి తనే ఆమెకి చెప్పడానికి మొహం చెల్లక, భార్యని పంపించాడు.

గుత్తి లేని తాళాలబ్బాయి కాలినడకన కాలనీలు తిరిగాడు. ఈసారి ఎవరి ఆఫీసు తరఫునా కాదు. ఖాళీ గది ఉందన్న ప్రతి ఇంటికీ, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వెళ్ళి చెవులు రిక్కించి నిలబడ్డాడు. ఒకచోట అతన్ని దొంగనుకుని నిలదీశారు. ఇంకోచోట ఇంటావిడ జాలిపడి బ్రెడ్డు పెట్టింది. అలా తిరిగి తిరిగి, పాల డిపో కాలనీలో మేడమీద ఒక గది పట్టుకున్నాడు.

తర్వాత ఆసుపత్రి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె వచ్చింది, చూసింది, చూడనట్టు దాటిపోయింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడు సన్నటి జల్లు పడుతుంటే ఆగింది.

"ఎందుకు రోజూ ఇక్కడ?"

"ఇల్లు ఒకటి చూశానండీ. మీరు నాతో మాట్లాడక్కర్లేదు. చూసి, నచ్చకపోతే వెళ్ళిపోండి."

"మీ మాట నమ్మి ఇంకో ఇల్లా?"

"నమ్మొద్దండీ. మీకిష్టమైన రోజు రండి. చెప్పకుండా రండి," అని చిరునామా చెప్పి, ఆమె సమాధానం కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆమె ఎప్పుడెప్పుడు వెళ్ళి చూసిందో ఎవరికీ తెలియదు. ఇంటావిడ చెప్పినదాన్నిబట్టి మూడు నాలుగుసార్లు వచ్చిందట, ఒక్కోసారి ఒక్కో వేళ. ఆఖరికి గేటు దగ్గర అతన్ని చూసి, "పదండి," అంది.

మేడమీద గదిలో ఇద్దరూ చెరో గోడ దగ్గర నిలబడ్డారు.

"ఇప్పుడు చెప్పండి," అంది. "ఈ ఇంట్లో ఏం బాగాలేదో."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఎండాకాలం పడమటి గోడ పొయ్యిలా కాలుతుందండీ. నీళ్ళు పైకి సన్నగా ఎక్కుతాయి. మెట్లు నిటారుగా ఉన్నాయి. తెల్లవారుజామున పాల క్యాన్ల చప్పుడుంటుంది, కానీ ఆ వేళకి మీరు డ్యూటీలో ఉంటారు. ఇంటావిడ మంచిదే, మాటలు పట్టుకుంటే వదలదు. బస్సు దూరం."

"ఇంకా?"

"కిటికీకి దోమతెర చిరిగింది. నేను కుడతాను."

"ఇంకా?"

"మా ఇంటికి చాలా దూరం."

"అది నాకు లోపమా? మీకా?"

"నాకేనండీ," అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే నాకు చాలా ఇష్టం. మొదటిరోజు నుంచీ. ఆ మాటే ముందు చెప్పుంటే ఇన్ని అబద్ధాలు అక్కర్లేకపోయేది. మీరు నన్ను క్షమించాలని అడగను. ఆ మొహం నాకు లేదు."

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళి, చిరిగిన దోమతెరలోంచి జల్లు చూసింది.

"నాకు ఇంకా కోపంగానే ఉంది," అంది చివరికి. "ఎన్నాళ్ళుంటుందో తెలీదు. ఆదివారం మా నాన్న వస్తున్నారు. మీ గురించి మంచిమాటలన్నీ నేను ముందే చెప్పేశాను. మిగతావి మీరు చెప్పాలి."

"అన్నీనా?"

"అన్నీ."

ఆదివారం టైలరుగారు వచ్చారు. పొట్టిగా, బట్టతలతో, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని, మనిషిని చూడగానే భుజాలూ చేతుల పొడుగూ లెక్కేసే చూపు ఆయనది. మేడమీద గదిలో సర్దని పెట్టెల మధ్య ఆయన ఒక్కటే ఉన్న కుర్చీలో కూర్చున్నారు. తాళాలబ్బాయి ఎదురుగా నిలబడి, ఓనరు మోకాళ్ళ దగ్గర్నుంచి అర్జెంటు ఆర్డరు దాకా, మెట్టుమీద తను మింగిన మాటలతో సహా అన్నీ చెప్పాడు. సిగ్గుతో అతని చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఒక్కటి కూడా దాచలేదు. దాచబోతున్నట్టు అనిపించినచోట ఆమె చిన్నగా దగ్గింది.

టైలరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బాబూ, ఇదంతా విన్నాక నా కూతుర్ని నీకిస్తానని ఎలా అనుకున్నావ్?"

"అనుకోలేదండీ. మేడమ్ చెప్పమన్నారు, చెప్పాను."

"ఏమ్మా," అన్నారు ఆయన కూతురివైపు తిరిగి. "ఇతనేం చేశాడో నాకన్నా ముందే విన్నావు. అయినా ఇతనే కావాలా?"

ఆమె అతనివైపు చూసింది. అతను తల ఎత్తలేదు, ఎత్తే ధైర్యం లేదు.

"చాలా తప్పు చేశాడు నాన్నా," అంది. "కానీ ఆ పసిదాని ముందు తలొంచుకుని నిజం చెప్పినప్పుడు, నేను వెళ్ళిపోతానని తెలిసే చెప్పాడు. కావాలి నాన్నా. ఇతనే కావాలి."

అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. టైలరుగారు కుర్చీలోంచి లేచి, దాన్ని అతనివైపు జరిపారు.

"ఇందాకట్నించీ నిలబడే ఉన్నావు," అన్నారు. "కూర్చో నాయనా."